టీ షర్టు కొలత అడిగారు, షుగరు ఉందా అని అడగలేదు

మారేడుమిల్లి దగ్గర, రిజర్వు అడవి అంచున, వాగు పక్కనున్న పట్టా పొలంలో రెండు రాత్రులు, మూడు పగళ్లు, అడవిలో బతకడం నేర్పే శిబిరం. మనిషికి 9,500 రూపాయలు. రాజమండ్రి నుంచి జీపు, గుడారం, ‘నిపుణుల శిక్షణ’, ధ్రువపత్రం, టీ షర్టు అన్నీ అందులోనే. ‘నగరం మరిపించిన మీ ఆదిమ శక్తిని అడవిలో తిరిగి అందుకోండి’ అని ప్రకటన. నడిపేది హైదరాబాదులోని ఒక సంస్థ. పేరు ఇక్కడ పెట్టడం లేదు, వాళ్లకు విడిగా అన్నీ రాశాను. ఐదు నక్షత్రాలకు నేను ఇచ్చేది రెండు. ఆ రెండూ సంస్థ సంపాదించినవి కావు. ఎవరివో చెబుతాను.

నేను ప్రభుత్వాసుపత్రుల్లో నర్సుగా చేసి పదవీ విరమణ పొందినదాన్ని. ఉద్యోగంలో సగానికి పైగా గోదావరి జిల్లాల్లోనే గడిచింది, అందులో కొన్నేళ్లు ఏజెన్సీలో. పాముకాటు, మన్యం జ్వరం, వాగు బండల మీద జారి విరిగిన కాళ్లు, ఇవీ అడవి నాకు పంపిన కేసులు. మా అమ్మాయి తనకూ అల్లుడికీ కలిపి ముందే డబ్బు కట్టేసింది. తీరా బయలుదేరే ముందు అల్లుడికి సెలవు దొరకలేదు, కట్టిన డబ్బు వెనక్కి రాదన్నారు. “అమ్మా, ఊరికే పోతుంది, నువ్వు రా” అంది. తొమ్మిదిన్నర వేలు ఊరికే పోనిచ్చే ఇంట్లో నేను పుట్టలేదు.

ముందుగా ఫోనులో ఒక దరఖాస్తు నింపించారు. పేరు, వయసు, టీ షర్టు కొలత, శాకాహారమా మాంసాహారమా, ఇన్‌స్టాగ్రామ్ ఖాతా. చివర ‘ఏం జరిగినా సంస్థకు బాధ్యత లేదు’ అంటూ పొడవాటి పేరా. బీపీ ఉందా, షుగరు ఉందా, ఉబ్బసం ఉందా, రోజూ ఏ మందులు వేసుకుంటారు, ఏ మందు పడదు, గర్భవతులా, అవసరమైతే ఇంటి దగ్గర ఎవరికి కబురు చెయ్యాలి, ఒక్క ప్రశ్నా లేదు. పల్లెటూళ్లో ఉచిత కంటి శిబిరం పెట్టినా ఇవి అడుగుతారు. వయసు 61 అని రాస్తే ‘అద్భుతం!’ అని జవాబు వచ్చింది. ఈ దరఖాస్తును గుర్తుపెట్టుకోండి, రెండో రోజు దీనితో మళ్లీ పని పడుతుంది.

మేము మొత్తం 14 మందిమి. దాదాపు అందరూ హైదరాబాదులో కంప్యూటర్ల ముందు పనిచేసేవాళ్లు, మంచి పిల్లలు. ఒకబ్బాయి తన ఎత్తులో సగమున్న సంచీ తెచ్చాడు. అందులో పెద్ద కత్తి, చిన్న కత్తి, మడత రంపం, సూర్యరశ్మితో ఛార్జయ్యే పలక ఉన్నాయి, దుప్పటి లేదు. ఇంకో జంట తెల్లటి బూట్లతో వచ్చారు. శీతాకాలం మన్యంలో పగలు ఎంత హాయిగా ఉంటుందో చూసి అందరూ చలి దుస్తులు సంచుల అడుక్కి తోసేశారు. ఫోనులో సిగ్నలు రంపచోడవరం దాటాక వస్తూ పోతూ, శిబిరానికి చేరేసరికి పూర్తిగా పోయింది. ‘ఇదే అసలైన స్వేచ్ఛ’ అన్నాడు శిక్షకుడు. నాకైతే 108కి ఎక్కడి నుంచి ఫోను చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. అడిగాను. “అంతవరకూ రాదు మేడమ్” అన్నాడు. సిగ్నలు దొరికే చోటు రోడ్డు మీద గుట్ట మలుపు దగ్గర ఉందని, నడిస్తే అరగంట అని, మాకు దారి చూపడానికి పెట్టుకున్న కొండరెడ్డి తెగ పెద్దాయన చెప్పాడు. శిక్షకుడికి కూడా అప్పుడే తెలిసినట్టుంది, రాసుకున్నాడు.

నేను మొదట అడిగింది ప్రథమ చికిత్స పెట్టె. తెరిచాక మాట రాలేదు. గడువు తీరిన పారాసిటమాల్, కొన్ని అతుకుపట్టీలు, సగం ఎండిన అయోడిన్ సీసా. ఓఆర్ఎస్ పొట్లాలు లేవు. విరిగిన ఎముకకు కట్టడానికి బద్దలు గానీ, సాగే పట్టీ గానీ లేవు. కానీ ‘పాముకాటు కిట్టు’ అని ఎర్ర డబ్బా ఒకటి మాత్రం కొత్తగా మెరుస్తోంది. అందులో రబ్బరు పంపు, బ్లేడు, కట్టడానికి తాడు. సాయంత్రం శిక్షణలో శిక్షకుడు ఒక కుర్రాడి కాలు మీద దీన్ని ఎలా వాడాలో చేసి చూపించాడు. పైన గట్టిగా తాడు కట్టాలట, కాటు మీద గాటు పెట్టాలట, పంపుతో విషం లాగేయాలట. అందరూ ఫోనుల్లో వీడియో తీస్తున్నారు.

అక్కడే లేచి ఆపించాను. మర్యాదగానే ఆపించానని మా అమ్మాయి సాక్ష్యం చెబుతుంది. పాముకాటుతో మన దేశంలో ఏటా సగటున 58,000 మంది చనిపోతున్నారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా. వాళ్లలో అత్యధికులు పల్లెల వాళ్లు. ఆసుపత్రికి ఆలస్యంగా చేరడం అందులో పెద్ద కారణం. ఆ ఆలస్యం చాలాసార్లు ఇలాంటి కట్లూ గాట్లూ పెట్టడంలోనే జరుగుతుంది. తాడు బిగిస్తే రక్తం ఆడక కాలు పాడవుతుంది. రక్తపింజర కరిచినవాళ్ల రక్తం గడ్డకట్టదు. అలాంటి కాలి మీద బ్లేడుతో గాటు పెడితే ఏమవుతుందో నేను వార్డులో చూశాను. రక్తం పరీక్షనాళికలో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తాం, గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టు. ఆ పరీక్ష చేసే లోపే మంచం తడిసిపోయిన రాత్రులున్నాయి. ఇక పంపు లాగేది విషం కాదు, కాసిని నెత్తురు.

చెయ్యాల్సింది తక్కువే. కరిచిన మనిషిని కూర్చోబెట్టి భయం తగ్గించాలి, నడిపించకూడదు. కాలి వేళ్లకు మెట్టెలు, చేతికి ఉంగరం, గాజులు, గడియారం వాపు రాకముందే తీసేయాలి. ఎముక విరిగితే ఎలా కడతామో అలా బద్ద పెట్టి కాలు కదలకుండా కట్టాలి. మోసుకునైనా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికీ ఒకటే మందు, అది సూదిలో ఉంటుంది, డబ్బాలో ఉండదు. పామును పట్టి తేవాల్సిన పనీ లేదు. శిక్షకుడు వినయంగానే విన్నాడు, అది ఒప్పుకోవాలి. కానీ కిట్టు ధర 1,200 అని, ఆ డబ్బు సంస్థ పెట్టిందని, పారేస్తే అడుగుతారని అన్నాడు.

పడుకునే ఏర్పాటు ఇంకో తరహా. ఆకులూ కొమ్మలతో ఎవరి పందిరి వాళ్లే వేసుకుని, అందులోనే నేల మీద పడుకోవాలని కార్యక్రమం. ఫొటోకు బాగుంటుంది. కట్లపాము తిరిగేదే రాత్రి, నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. కరిచినట్టు నొప్పి ఉండకపోవచ్చు, కాటు గుర్తు కనబడకపోవచ్చు. తెల్లవారేసరికి కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతాయి, తర్వాత ఊపిరి అందదు. మన్యంలో పనిచేసిన ఏ నర్సుకైనా ఇది పాఠ్యపుస్తకం చెప్పాల్సిన సంగతి కాదు. దోమతెర అంచులు చాప కిందికి దోపుకుని పడుకుంటే చాలావరకు తప్పుతుంది, మలేరియా దోమకూ అదే తెర. శిబిరంలో గుడారాలు ఉన్నాయి గానీ సగం వాటికి జిప్పులు పనిచెయ్యవు. తెరలు లేవు. నేను తెచ్చుకున్న తెరలోకి నలుగురు ఆడపిల్లలు దూరారు. ఇరుకుగా, నవ్వుతూ, బాగానే నిద్రపోయాం. ఆకుల పందిట్లో పడుకున్న కత్తుల అబ్బాయి అర్ధరాత్రి చలికి తట్టుకోలేక లేచి మంట దగ్గర కూర్చున్నాడు. పగలు చెమటతో తడిసిన బనియను మార్చుకోకుండానే పడుకున్నాడు. పెద్దాయన వాడి కింద ఎండు గడ్డి మందంగా పరిచి, తడి బట్ట విప్పించి, గోనె సంచి కప్పాడు. చలి పైనుంచి కంటే నేల నుంచి ఎక్కువ లాగుతుందన్న సంగతి తొమ్మిదిన్నర వేల శిక్షణలో ఎక్కడా రాలేదు.

మరుగుదొడ్డి గురించి రాయకపోతే ఈ సమీక్ష అబద్ధమవుతుంది. వాగు ఒడ్డునే ఒక కందకం తవ్వి చుట్టూ పరదా కట్టారు. బిందె ముంచుకునే చోటు దానికి దిగువన ఉంది. ఎగువ, దిగువ అన్న మాటలు కూడా నేర్పాలా? నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో, జానెడు లోతు గుంట, పని అయ్యాక మట్టి కప్పడం, బూడిదతోనో సబ్బుతోనో చేతులు కడగడం. అడవిలో కడుపు చెడితే అది చిన్న విషయం కాదు, ఒంట్లో నీరు పోయిన మనిషి ఘాటు దారిలో పది అడుగులు వెయ్యలేడు. ఆ సాయంత్రమే పెద్దాయనా, నేనూ, ఇద్దరు కుర్రాళ్లూ కలిసి కందకం పూడ్చి పొలానికి అవతలి వైపు కొత్తది తవ్వాం. నెలసరిలో ఉన్న ఆడపిల్లలు వాడిన గుడ్డలూ పట్టీలూ ఎక్కడ పెట్టాలో ఎవరూ ఆలోచించలేదు. మూత ఉన్న బకెట్టు ఒకటి ఆడవాళ్ల గుడారం దగ్గర పెట్టించాను. శిక్షకుల్లో ఆడమనిషి లేకపోతే ఇంతే.

తాగునీటికి తలా ఒక వడపోత గొట్టం ఇచ్చారు. గొట్టం వాగులో పెట్టి నేరుగా పీల్చేయొచ్చట. అందరూ మోకాళ్ల మీద వంగి పీలుస్తుంటే ఇంకో విడత ఫొటోలు. ఆ గొట్టాలు మట్టిని, క్రిములను చాలావరకు ఆపుతాయి, నిజమే. వైరస్‌లు అంతకంటే చిన్నవి, దాటిపోతాయి. పచ్చకామెర్లు తెచ్చేది వైరస్సే. ఎగువన ఊళ్లున్నాయి, పశువులున్నాయి. బట్టతో వడకట్టి, తెర్లే దాకా కాచి, తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచితే చాలు. కాచే వీలు లేకపోతే క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగాలి. మా పెద్దాయన పెద్ద సత్తు గిన్నెలో కాచి, చల్లార్చి, తన సొరబుర్రలో పోసుకున్నాడు. ఆరోగ్య కార్యకర్తలు చెప్పి చెప్పి అలవాటైందట. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. మేము ఏజెన్సీలో ఊరూరా తిరిగి చెప్పిన మాట అది.

నిప్పు పుట్టించే తరగతి మాత్రం సరదాగా సాగింది. ఒక నల్లటి లోహపు కడ్డీని ఇనుప పలకతో గీస్తే నిప్పురవ్వలు రాలతాయి. మంచుకు తడిసిన ఆకుల మీద మధ్యాహ్నమంతా రాల్చారు. పొగ కూడా రాలేదు. పెద్దాయన కొంతసేపు చుట్ట కాల్చుకుంటూ చూశాడు, కొంతసేపు చెట్టుకు ఆనుకుని కునికాడు. చివరికి లేచి, ఎండు వెదురు బొంగు తెచ్చి, కత్తి వాదరతో గీకి దూదిలాంటి పొట్టు తీశాడు. పంచె మడతలోంచి పాలిథీన్ కాగితంలో చుట్టిన అగ్గిపెట్టె తీసి ఒక్క పుల్లతో అంటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. “అగ్గిపెట్టె వాడటం నిబంధనలకు వ్యతిరేకం” అన్నాడు శిక్షకుడు. ఏ నిబంధనలో పెద్దాయనకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. తడవని అగ్గిపెట్టె, గీకిన వెదురు పొట్టు, ఈ రెండూ నేను ఆ మధ్యాహ్నం నేర్చుకున్నవి, చాలా విలువైనవి.

రెండో రోజు ‘ఆకలి పరీక్ష’. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిండి లేదు, అడవి ఇచ్చిందే తినాలి. డిసెంబరు మొదట్లో మన్యం అడవి పరాయివాడికి ఏమీ ఇవ్వదు. కొన్ని దుంపలు ముక్కలు కోసి పారే నీటిలో నానబెట్టి చేదు విరిస్తే గానీ తినరాదు, పచ్చిగా తింటే వాంతులతో ఆగదు. కాబట్టి అందరూ ఖాళీ కడుపుతో నడిచారు. పదకొండు గంటల ప్రాంతంలో మాలో నలభై దాటిన ఒకాయన వెనకబడ్డాడు. చల్లటి నీడలో నుదుటి నిండా చెమట, చేతులు వణుకు, మాటలో తడబాటు, ఊరికే చిరాకు. శిక్షకుడు ఆయన భుజం తట్టి, “ఇదే మీ మనసు గీసుకున్న హద్దు, దాటండి” అని, మిగతావాళ్లను చప్పట్లు కొట్టమన్నాడు. వాళ్లు కొట్టారు.

“బాబూ, షుగరు మాత్ర వేసుకున్నావా?” అని అడిగాను. వేసుకున్నాడు, రోజూ లాగే పొద్దున్నే, గ్లిమిపిరైడ్. తిండి తిన్నా తినకపోయినా ఆ మాత్ర తన పని తాను చేస్తుంది, రక్తంలో చక్కెరను దించేస్తుంది. అలాగే ఇంకొంత దూరం నడిపించి ఉంటే స్పృహ తప్పేవాడు, మనసు హద్దులు దాటే సంగతి దేవుడెరుగు. నా సంచీలో గ్లూకోజు పొట్లం ఎప్పుడూ ఉంటుంది. మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి, మళ్లీ ఇచ్చాను. పెద్దాయన తన మూటలోంచి బెల్లం ముక్క, రాత్రి అన్నం ముద్ద తీసిచ్చాడు. మనిషి తేరుకుని, సిగ్గుపడి, అందరికీ క్షమాపణ చెప్పబోయాడు. చెప్పవద్దన్నాను. దరఖాస్తులో ఒక్క ప్రశ్న ఉండి ఉంటే ఆయన ఆ రోజు మాత్ర మానాలో, పరీక్ష మానాలో ముందే తేలిపోయేది.

ఇక పెద్దాయన. మొదట చెప్పిన ఆ రెండు నక్షత్రాలూ ఈయనవే. కొండరెడ్డి, ఆ పక్క గూడెం మనిషి, వయసు తనకే తెలియదు. సంస్థ రోజుకు 600 రూపాయలిస్తోంది. 14 మంది కట్టింది లక్షా 33 వేలు. ప్రకటనలో ఆయన ఫొటో ఉంది, పేరు లేదు. నడకలో ఆయన వెనకే ఉండిపోయాను, అక్కడే నా శిక్షణ జరిగింది. అడ్డాకు తీగ బెరడు చీల్చి, నలిపి, తొడ మీద పేని తాడు చేశాడు. అడ్డాకులు కుట్టి మధ్యాహ్నానికి విస్తర్లు చేశాడు, వాటిలో వడ్డించడానికి ఏమీ లేకపోవడం ఆయన తప్పు కాదు. దురదగొండి కాయలు వేలాడుతున్న పొద దగ్గర చెయ్యి అడ్డం పెట్టి మమ్మల్ని పక్క నుంచి తిప్పాడు. సెల్ఫీ కోసం ఆగిన తెల్లబూట్లాయన మాత్రం దాని సంగతి స్వయంగా తెలుసుకున్నాడు. నీళ్లతో రుద్దుకోబోతే ఆపి, పొడి బూడిద చల్లి దులిపాడు పెద్దాయన.

ఒకచోట మొసలి తోలులా పగుళ్లున్న బెరడుతో పెద్ద చెట్టు కనబడింది. నల్లమద్ది. మండు వేసవిలో దీని మానులో నీరు నిలవ ఉంటుందని చెప్పి, బెరడు మీద ఉబ్బును తట్టి చూపించాడు, కత్తి మాత్రం పెట్టలేదు. “ఇప్పుడు వాగు ఉందిగా, దాన్నెందుకు కొయ్యడం” అన్నాడు. 2024 మార్చిలో పాపికొండల జాతీయ పార్కులో అటవీ అధికారులు ఇలాంటి చెట్టుకే గాటు పెడితే నీరు ధారగా చిమ్మిన దృశ్యం చాలామంది చూసే ఉంటారు. ఆ సంగతి అధికారులకు చెప్పింది కొండరెడ్లే. చెట్టు ఎక్కడుందో అధికారులు బయటపెట్టలేదు, మంచి పని చేశారు. మా కత్తుల అబ్బాయి అప్పటికే కత్తి తీశాడు.

శిక్షకుడు నేర్పిన సూత్రాల్లో ఒకటి ‘దారి తప్పితే వాగు వెంట దిగండి, ఊరు వస్తుంది’. మైదానంలో రావచ్చు. ఈ ఘాటులో వాగు వెంట దిగితే చాలాచోట్ల వచ్చేది జలపాతం అంచు. పైగా నెత్తిన చినుకు లేకపోయినా ఎగువన కురిస్తే వాగు ఒక్కసారిగా లేస్తుంది. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో వైద్య విద్యార్థులు అలాగే కొట్టుకుపోయారు, ముగ్గురు తిరిగి రాలేదు. వానాకాలంలో ఈ శిబిరం నడుపుతారా అని అడిగితే ‘అప్పుడే అందంగా ఉంటుంది’ అన్నాడు. దారి తప్పితే ఏం చేస్తారని పెద్దాయన్ని అడిగాను. తెలిసిన చోటు దాకా వెనక్కి వస్తాడట, తెలియకపోతే అక్కడే కూర్చుని కేకలు వేస్తాడట. “ఇంట్లో చెప్పే వస్తాం కదమ్మా, పొద్దుగూకితే వెతుక్కుంటూ వస్తారు.” ఈల ఉంటే మూడేసి సార్లు ఊదమంటారు, అదీ ఇదే పద్ధతి. మాలో ఎంతమంది తాము ఎక్కడున్నదీ ఇంట్లో సరిగ్గా చెప్పి వచ్చారో ఆ రాత్రి మంట దగ్గర అడిగితే సగం చేతులు కూడా లేవలేదు. ‘మారేడుమిల్లి వైపు’ అన్నారు.

ఆయన చెప్పిందంతా వేదమని నేను అనడం లేదు. పాము కరిస్తే తమ గూడెంలో ఒక వేరు నూరి పోస్తారని చెప్పాడు. ఆ వేరు పని చెయ్యదని నేను, చేస్తుందని ఆయన, చాలాసేపు వాదించుకున్నాం. కరిచిన ప్రతి పామూ విషం ఎక్కించదు, అందుకే వేరు పనిచేసినట్టు కనబడుతుందని చెప్పాను. ఆఖరికి “వేరు నోట్లో వేసుకునే జీపెక్కుతాంలే నర్సమ్మా” అని రాజీకి వచ్చాడు. జీపెక్కితే చాలు, నోట్లో ఏమున్నా ఫరవాలేదు. తర్వాత మోకాలి నొప్పికి మందడిగాడు.

మంట చుట్టూ కూర్చున్నప్పుడు శిక్షకుడు టీవీల్లో ఒంటరిగా పురుగులు తిని బతికే వీరుల గురించి చెప్పాడు. నాకు 2023లో కొలంబియా అడవిలో విమానం కూలి, పెద్దవాళ్లందరూ చనిపోయాక బతికి బయటపడ్డ నలుగురు పిల్లలు గుర్తొచ్చి ఆ సంగతి చెప్పాను. పెద్దపిల్లకు 13 ఏళ్లు, ఆఖరి బిడ్డకు విమానం కూలిన రోజుకి ఏడాది కూడా నిండలేదు. 40 రోజులకు దొరికారు. అక్కడి ఆదివాసీ హుయితోతో తెగ పిల్లలు. విమానంలో దొరికిన కర్రపెండలం పిండి తిన్నారు, ఏ కాయ తినవచ్చో ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర నేర్చుకున్నారు. వాళ్లను వెతికిన సైనికులతో కలిసి ఆదివాసీలు కూడా అడవి గాలించారు. కథ అయ్యాక ఎవరూ ఏమీ అనలేదు. పెద్దాయన మాత్రం ఆ చిన్నబిడ్డకు పాలు ఎలాగని అడిగాడు. నాకు జవాబు తెలియదు.

ఆఖరి రాత్రి భోజనం గూడెం ఆడవాళ్లు చేశారు, దీనికి విడిగా ఐదు నక్షత్రాలు ఇవ్వవచ్చునంటే ఇస్తాను. పచ్చి వెదురు బొంగులో కోడి ముక్కలు, ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి దట్టించి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చారు. చుక్క నూనె లేదు. బొంగు పై చెక్కు నల్లబడి పగిలే వేళకు లోపల ముక్క తన నీటిలోనే ఉడికిపోతుంది. షుగరాయన అందరికంటే ముందు కూర్చున్నాడు.

ఇంకొక అభ్యంతరం. రెండో రోజు నడక రిజర్వు అడవిలోకి సాగింది. అటవీ శాఖ అనుమతి కాగితం చూపించమన్నాను. “మాట్లాడుకున్నాం మేడమ్” అన్నారు. మాట్లాడుకున్నది కాగితం మీద లేదు. అడవిలో అనుమతి లేకుండా మంట వెయ్యడం నేరమని మంటల పాఠంలో ఒక్క మాట చెప్పి ఉండాల్సింది.

ఎవరు వెళ్లవచ్చు? ఒంట్లో బాగున్నవాళ్లు, పెద్దాయన వచ్చే విడత చూసుకుని, సొంత దోమతెర, దుప్పటి, అగ్గిపెట్టె, క్లోరిన్ బిళ్లలు, ఓఆర్ఎస్ తీసుకుని వెళ్లవచ్చు. కట్టే ముందు ఫోను చేసి, దగ్గరి ఆసుపత్రిలో పాముకాటు మందు ఉందో లేదో కనుక్కున్నారా అని అడగండి. తడుముకుంటే కట్టకండి. శిబిరంలో మనుషులను ఎక్కించుకోగల జీపు రాత్రుళ్లు ఉంటుందా అనీ అడగండి. మా జీపు మమ్మల్ని దింపి రాజమండ్రి వెళ్లిపోయింది. ఇంటికొచ్చాక వారం నుంచి నెల లోపు జ్వరం వస్తే డాక్టరుకు మన్యం వెళ్లొచ్చానని మొదటి మాటగా చెప్పండి, మలేరియా పరీక్ష చేస్తారు. ఒంటి మీద ఎక్కడైనా సిగరెట్టు కాలినట్టు నల్లటి పెచ్చు కనిపిస్తే అదీ చూపించండి, స్క్రబ్ టైఫస్ కావచ్చు. చంకల్లో, నడుము దగ్గర, బట్ట బిగిసే చోట్ల వెతకండి. ఈ జ్వరాన్ని మామూలు వైరల్ జ్వరమనుకుని ఆలస్యం చేసినవాళ్లను చాలామందిని చూశాను.

సంస్థకు రాసిన ఉత్తరానికి జవాబు వచ్చింది. మర్యాదగా ఉంది. మరుగుదొడ్డి స్థలం మారుస్తారట, దోమతెరల గురించి ఆలోచిస్తారట, పెద్దాయన కూలి ‘స్థానిక రేట్ల ప్రకారమే’ ఉందట, నాకు వచ్చే శిబిరంలో 10 శాతం తగ్గింపట. ఎర్ర డబ్బా గురించి ఒక్క ముక్క లేదు. దాన్ని తీసేసినట్టు ఫొటో పంపితే రెండు నక్షత్రాలను మూడు చేస్తాను. పెద్దాయన కూలి పెంచినట్టు రాస్తే నాలుగు.